పోలిరాజు పెట్టిన గడ్డి ఊట

గొప్పలకు పన్ను వేస్తే పద్మనాభం ఊళ్లో పోలిరాజు ఒక్కడి మీద వసూలైన డబ్బుతో విశాఖలో ఇంకో పోర్టు కట్టేయొచ్చు. పొద్దున్నే పోర్టుకెళ్లి బస్తాలు మోసేవాడు. సాయంత్రం ఇల్లు చేరేలోపు ఆ బస్తాలు ఓడలైపోయేవి. ఆ గొప్పలు విని తన పాడిగేదె కూడా నవ్విందనేవాడు. ఆ ఒక్కటీ మనం నమ్మక్కర్లేదు.

ఈ ఏడు వరి నూర్చాక ఒక కంపెనీవాళ్లు వచ్చి, గడ్డి నుంచి పెట్రోల్లో కలిపే ఇథనాల్ తీస్తామని, ఎండుగడ్డంతా కొంటామని చెప్పారు. పోలిరాజు కళ్లంలో ఉన్నది ఒక్కటే కుప్ప. వేసవంతా గేదెకు అదే మేత.

"సగం ఉంచయ్యా. గేది ఏటి తింటాది?" అంది భార్య అసిరమ్మ.

"ఓలే, మన గడ్డితో ఓడలు సింగపూర్ ఎలిపోతాయే! గేదికి దాణా కొనేత్తాను."

ఇథనాలంటే సారా లాంటిదేనని ఎవరో అన్నారు. సారా సంగతి పోలిరాజుకు ఒకరు చెప్పాలా? బెల్లం ఊట పులియందే చుక్క దిగదు. పులిసిన గడ్డే ఇస్తే కంపెనీవాళ్లు మెడలో దండ వేస్తారనుకున్నాడు. కుప్ప మీద బెల్లం నీళ్లు కుమ్మరించి, టార్పాలిన్ కప్పి బిగించాడు. కొన్నాళ్లకు లోపల చెయ్యి పెడితే చురుక్కుమంది. ఊట పులుస్తోందని మురిసిపోయాడు.

గడ్డి చూడడానికి లారీతో వచ్చిన కంపెనీ మనిషి దేవీప్రసాద్ టార్పాలిన్ ఎత్తి ముక్కు మూసుకున్నాడు.

"ఇదేంటండీ?"

"ఊట పెట్టీసాను బాబూ. మీ పని సగం అయిపోనాది!"

"మాకు ఎండుగడ్డి కావాలండీ. నెలల తరబడి నిల్వ పెట్టుకుంటాం. ఇది కలిస్తే మొత్తం కుళ్లిపోతుంది."

"రెండ్రోజులాగు బాబూ, ఎండబెట్టేత్తాను."

"బూజు పట్టిందండీ. ఎండినా తీసుకోరు."

పక్క కళ్లంలోని ఎల్లాజీ గడ్డి ఎత్తుకుని లారీ వెళ్లిపోయింది.

ఒక్క మోపైనా పొడిది దొరక్కపోతుందా అని పోలిరాజు కుప్పను అడుగుదాకా లాగాడు. నల్లటి ముద్దలే వచ్చాయి. ఒక గుప్పెడు గేదె ముందు వేయబోతే అసిరమ్మ చెయ్యి పట్టుకుంది.

"ఎయ్యకు. తింటే సచ్చిపోద్ది."

"ఏటైనా మిగిలిందేమో ఎల్లాజీ బావనడుగుతాను."

"ఆడిదీ లారీ ఎక్కీసింది గదా. ఊళ్లో అందరిదీ ఎక్కీసింది."

ఆమె గేదెను గుంజ నుంచి విప్పింది. "మా అన్నోళ్లింటికాడ కట్టేత్తాను. ఆళ్లకి గడ్డుంది. పాలూ ఆళ్లే తాగుతారు. వానలు పడ్డాక సూద్దాం."

పోలిరాజు వెనకాలే నడిచాడు. రోడ్డు దగ్గర ఆమె తిరిగి చూసింది.

"నువ్వెందుకయ్యా? దారిలో ఎవులైనా అడిగితే గేది సింగపూర్ ఎలిపోతాందంటావు. నానే ఏదోటి సెప్పుకుంటాను."

పోలిరాజు ఆగిపోయాడు.