మాస్కు బాబాయి

మా ఆపరేషన్ థియేటర్లో మత్తు డాక్టరుగారి పక్కన నిలబడి, పేషెంటు ముఖానికి ఆక్సిజన్ మాస్కు పట్టే ఆయన్ని అందరం మాస్కు బాబాయి అంటాం. నేను అక్కడ నర్సుని. లావుపాటి పేషెంటు వస్తే ఆయన హడావుడి చూడాలి! దుప్పట్లు మడతపెట్టి భుజాల కింద, తల కింద ఎత్తు చేస్తాడు. మత్తు ఎక్కాక ఊపిరి ఆగిపోతుంది. గొంతులోకి గొట్టం దిగేదాకా అంతకుముందు పీల్చుకున్న ఆక్సిజనే దిక్కు. లావుగా ఉన్నవాళ్లకు అది ఇట్టే అయిపోతుంది. అందుకే మాస్కును సందు లేకుండా అదిమి పట్టేవాడు, ఎవరు బతిమాలినా తీసేవాడు కాదు.

ఆయన భార్యను పిన్నీ అని పిలిచేవాళ్లం. మనిషీ పెద్దదే, నోరూ పెద్దదే. "ఇంట్లో నా నోరు మూయించలేక ఇక్కడ అందరి నోళ్లూ మూస్తున్నాడే మీ బాబాయి" అని మమ్మల్ని నవ్వించేది. పిత్తాశయంలో రాళ్లకు ఆమెకే ఆపరేషన్ పడింది. అయినవాళ్లు మాస్కు పట్టడం వద్దని డాక్టరుగారు అన్నా వినకుండా, మాస్కు మా ఆయనే పట్టాలని భీష్మించింది.

తీరా మాస్కు పెట్టగానే ఆమెకు గాభరా పుట్టింది.

"ఊపిరాడట్లేదయ్యా, ఒక్కసారి తియ్యవా, నీకు దణ్ణం పెడతా."

మొగుణ్ణి ఏనాడూ బతిమాలిన మనిషి కాదు. పాడు జాలి, అప్పుడే పుట్టాలా! డాక్టరుగారు సిరంజి కోసం అటు తిరగగానే బాబాయి మాస్కు ఎత్తాడు. ఆమె నాలుగు గుక్కల గాలి పీల్చి, ఆయన చెయ్యి నిమిరింది. మళ్లీ పెట్టేశాడు. తెర మీద ఆక్సిజన్ అంకె తగ్గలేదు కాబట్టి డాక్టరుగారికి తెలియలేదు, ఈయనా చెప్పలేదు. కానీ లోపల నిలవ చేసుకున్న ఆక్సిజనంతా ఆ నాలుగు గుక్కల మామూలు గాలితోనే పోయింది. మందు ఎక్కించారు. గొట్టం వెంటనే దిగలేదు. అంకె జారిపోయింది, గుండె ఆగింది. మేం ఎంత కొట్టుకున్నా పిన్ని తిరిగి రాలేదు.

"నేనే తీశాను సార్" అని బాబాయి నేల మీద కూలబడి చెప్పాడు. "గొట్టం వెయ్యలేకపోయింది నేను కదయ్యా" అని డాక్టరుగారూ ఏడ్చారు.

కొన్నాళ్లకు బాబాయి మళ్లీ పనిలోకి వచ్చాడు. మొన్న ఒక లావుపాటి ఆవిడ మాస్కు తీయమని గింజుకుంది, ఆయన చెయ్యి రక్కేసింది. బాబాయి కళ్లు తుడుచుకోవడానికి కూడా చెయ్యి కదపలేదు. మర్నాడు వార్డులో ఆమె ఆయన్ని పట్టుకుని దులిపేసింది.

"అంత మొత్తుకుంటే కనికరం లేదా నీకు? నీ పెళ్లామైతే ఇలాగే చేస్తావా?"

నాకు ఒళ్లు మండి నోరు తెరవబోయాను. బాబాయి నన్ను వారించి, ఆమె మంచం పట్టె పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు.

"తిట్టమ్మా" అన్నాడు. "ఇంకా తిట్టు తల్లీ."