అత్తమ్మ చీమల ప్రయాణాలు

మా మేనత్త పోయింది. బోధన్ నుంచి మొదటి బస్సుకు వచ్చిన మనిషి చెప్పులైనా విడవకుండా గడపలోనే ఆ మాట చెప్పాడు. మా బాపు కూర్చున్నచోటనే కూలబడ్డట్టు ఉండిపోయాడు. అక్కే అయినా ఆయనకు తల్లిలాంటిది. నాకు మాత్రం, చెబితే నవ్వుతారు, ముందుగా చీమలు గుర్తొచ్చాయి.

ఊరు తిరగడానికి పోతే మీరూ నేనూ గుళ్ళు చూస్తాం, ప్రాజెక్టులు చూస్తాం. అత్తమ్మ చీమలు చూసేది. ఆమెకు పిల్లల్లేరు. మామది చక్కెర ఫ్యాక్టరీలో కొలువు. ఎండాకాలం సెలవులు రాగానే ఇద్దరూ నిజామాబాద్ వచ్చి నన్ను వెంటేసుకుని బయల్దేరేవాళ్ళు. నిజాంసాగర్ కట్ట మీద జనమంతా నీళ్ళవైపు చూస్తుంటే, ఈమె కొంగు నడుముకు దోపుకొని రాళ్ళ సందులో గొంతుక్కూర్చునేది. గండుచీమ మిడత కాలు ఈడ్చుకుపోతుంటే, అది కన్నంలో దూరేదాకా లేస్తే ఒట్టు! మామ టిఫిన్ డబ్బా పట్టుకొని ఎండలో నిలబడేవాడు.

ఒకసారి ధర్పల్లి దారిలో బస్సు ఆగిపోయింది. అందరూ డ్రైవర్‌ను తిడుతుంటే అత్తమ్మ ముఖం మాత్రం వెలిగిపోయింది. దిగీ దిగగానే తుమ్మచెట్టు కిందికి పోయి ఎర్రచీమల పుట్ట మీద కాలు పెట్టింది. పిక్క పట్టుకొని గెంతుతుంటే మామ, "శివుని ఆజ్ఞ లేంది చీమన్న కుట్టదంటరు. నీకు ఆజ్ఞ జల్దినే వచ్చింది గదనే!" అన్నాడు.

బస్సు జనమంతా నవ్వారు. ఆమె కూడా నవ్వుతూనే, "తప్పు నాదే. ఒకరి వాకిలి తొక్కితే ఊకుంటరా?" అంది.

తొలకరికి ఆరుద్ర పురుగును నా అరచేతిలో పెట్టి, "గట్టిగ ఊపిరిడువకు, బెదురుతది" అన్నది కూడా ఆమే. "బంగారం ఎతుక్కునేటోళ్ళకు దొరుకుతదో లేదో. చీమలైతే యాడికి పోయినా దొరుకుతయి బిడ్డా" అనేది. లోకంలో ఇంత సులువైన సంతోషం ఇంకొకటి ఉంటుందా?

ఆ కళ్ళే పోయాయి. ముందొకటి, తర్వాత రెండోది. పోయిన చూపు తిరిగి రాదని హైదరాబాద్ దవాఖానలో తేల్చి చెప్పారు. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలి చెప్పండి?

అయినా పోయిన ఎండాకాలం నిజాంసాగర్ పోదామని పట్టుబట్టింది. చెయ్యి పట్టుకొని నడిపించి, పాత చోటనే కూర్చోబెట్టాను.

"ఏమున్నయి బిడ్డా?"

"చీమలు అత్తమ్మా."

"ఏ చీమలు? నడుము సన్నగున్నదా? మూతికి ఏం కరుసుకొని పోతున్నయి?"

నేను వంగి చూశాను. ఎంత చూసినా నాకు అవి ఉత్త చీమలే. ఇన్నేళ్ళు ఆమె వెంట తిరిగి నేనేం చూసినట్టు? "నల్లగున్నయి" అన్నాను. ఆమె కాసేపు ఎదురుచూసింది, ఇంకేమైనా చెబుతానేమోనని. తర్వాత నేల తడుముతూ చెయ్యి చాపి, సగంలోనే వెనక్కి తీసుకుంది.

"నా చెయ్యి కింద పడి సస్తయేమో. నాకేం ఎర్క? ఇంటికి పోదాం పా."

ఆ తర్వాత ఎక్కడికీ రానంది. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను. అంతకన్నా ఏం చేయగలిగాను?

కబురు విని మేం బోధన్ చేరేసరికి ఆమెను నడింట్లో చాప మీద పడుకోబెట్టారు. ముప్కాల్ నుంచి మా చిన్నత్త వచ్చేదాకా ఎత్తవద్దన్నారు. చెరుకు బండ్లు తిరిగే కాలం, ఆ ఊళ్ళో చీమలకు కొదవా? గడప కింద నుంచి వరుస కట్టి వస్తున్నాయి. మామ చీమలమందు డబ్బా తెచ్చి, ఆమె చుట్టూ తెల్లగా గీత పోస్తున్నాడు.

"వద్దు మామా, ఆమెకు..." అన్నాను.

"ఏం జెయ్యాలె బిడ్డా? కండ్లల్లకు పోతున్నయి" అన్నాడు.

నేను వంగి చూశాను. గీత దాకా వచ్చిన చీమలు ఆగి, మూతులు కలుపుకొని, కొన్ని వెనక్కి మళ్ళాయి. దాటబోయినవి అక్కడే ముడుచుకుపోయాయి.

"జర పక్కకు జరుగు బిడ్డా. నీ కాళ్ళకాడ గీత తెగింది" అన్నాడు మామ.

నేను జరిగాను.