పాప టాటా చెప్పిన పిల్లులు

దెయ్యాలు, శకునాలు అంటే నవ్వేసే మనిషిని నేను. బీఎస్సీ చదివాను. ఇప్పుడు పాప నిద్రపోయాక కూర్చుని ఇది రాస్తున్నానంటే, ఎవరికో ఒకరికి చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు కనకే.

మాది తెనాలి. అప్పటికి పాపకి రెండేళ్ళు నిండలేదు. ఇంట్లో కూర్చుని చేసుకునే పని ఒకటి దొరికింది. రేపల్లె దిగువన మడ అడవుల్లో చేపలు పట్టుకు తినే బావురుపిల్లులు తిరుగుతాయి. వాటి దారుల్లో కెమెరాలు కట్టి, పడిన ఫోటోలను బాపట్లలో ఉండే ఒక పరిశోధకురాలు నాకు నెలనెలా పంపేవారు. ఒంటి మీది మచ్చలు చూసి ఏ పిల్లో పోల్చాలి. పట్టికలో ఒక్కో పిల్లికి ఒక్కో వరస. ఆ నెల కనబడితే ఒకటి, కనబడకపోతే సున్నా. పిల్లులు ఏ మేరకు బతుకుతున్నాయో ఆ వరసల నుంచే ఆవిడ లెక్క కడతారు.

పాపని ఒళ్ళో పెట్టుకునే పని చేసేదాన్ని. మా పాప ఎవరికీ టాటా చెప్పదు. వాళ్ళ నాన్న ఆఫీసుకి వెళ్తూ గుమ్మంలో ఎంత బతిమాలినా చెయ్యెత్తదు. అలాంటిది ఒకరోజు చెవి చిరిగిన ఆడపిల్లి ఫోటో చూసి చెయ్యి ఊపింది. తర్వాత ఇంకో రెండింటికి ఊపింది. ముచ్చటేసి మా ఆయనకి చెప్పాను.

"నాకంటే పిల్లులే నయమన్నమాట" అన్నారాయన.

ఏడాది చివర వరసలన్నీ సరిచూస్తూ ఒకచోట ఆగిపోయాను. పాప చెయ్యి ఊపిన ఆ మూడింటికీ, ఊపిన నెల తర్వాత అన్నీ సున్నాలే. పాప ఊపేనాటికి ఆ తర్వాతి ఫోటోలు ఇంకా పడనే లేదు.

నా పొరపాటే అనుకున్నాను. కెమెరా పనిచెయ్యని నెలకి సున్నా పెట్టకూడదు, చుక్క పెట్టాలి. చుక్కలకి బదులు సున్నాలు కొట్టేశానేమోనని బాపట్లకి ఫోన్ చేశాను.

"లేదమ్మా, కెమెరాలు బాగానే ఉన్నాయి. మిగతా పిల్లులు అవే కెమెరాల్లో పడ్డాయి కదా" అన్నారావిడ. "అయినా సున్నా అంటే చచ్చిపోయినట్టు కాదు. కనబడలేదు, అంతే."

పాప సంగతి ఆవిడకి చెప్పలేకపోయాను.

ఆ ఆదివారం మా నాన్న వచ్చాడు. రేపల్లె అవతల మా పుట్టింటి ఊరి నుంచి బోటు మీద సముద్రంలో వేటకి వెళ్తాడాయన. మర్నాడే ప్రయాణం. చేపలిచ్చి, మనవరాలిని ముద్దాడి, వెళ్ళొస్తానంటూ చెప్పులేసుకున్నాడు. పాప చెయ్యెత్తి ఊపింది.

"ఓసి నా బంగారం! తాతకి టాటా చెప్పింది, చూడవే!"

నేను గుమ్మానికి అడ్డం నిలబడ్డాను. "ఈ వేటకి వెళ్ళకు నాన్నా. పాప టాటా చెప్పింది, వద్దు." ఏడ్చేశాను. నాన్న తిట్టాడు. బోటు వాళ్ళు నవ్విపోతారన్నాడు. చివరికి నా ఏడుపు చూడలేక ఉండిపోయాడు.

నాన్న లేకుండా వెళ్ళిన బోటు క్షేమంగా, నిండా చేపలతో తిరిగొచ్చింది.

"నీ కూతురు చెయ్యూపితే సముద్రం పొంగిపోద్దేంటే?" అని ఇప్పటికీ ఎగతాళి చేస్తాడు.

ఆ మూడు పిల్లులూ ఈరోజుకీ ఏ ఫోటోలోనూ పడలేదు. పాపకి ఏం తెలిసిందో, నాన్నని ఆపి నేను దేన్ని ఆపానో, అసలు ఏమైనా ఆపానో లేదో నాకు అంతుపట్టలేదు.

నాన్న మళ్ళీ వేటకి వెళ్తున్నాడు. వెళ్ళేముందు ప్రతిసారీ వచ్చి, "తాతకి టాటా చెప్పవే" అంటూ పాప ముందు వంగుతాడు.

అప్పుడు దాని రెండు చేతులూ నా గుప్పిట్లో ఉంటాయి.