వలలో తాబేలు

కాకినాడ దగ్గర సముద్రపు తాబేళ్లను చూపిస్తానని సత్తిబాబు గారు నన్ను తన పడవలో తీసుకెళ్లారు. నాది అనంతపురం, ఈత అంతంత మాత్రం. నీటి కళ్లద్దాలు పెట్టుకుని, పడవ అంచు పట్టుకుని దిగాను. ఎదురుగా ఒక తాబేలు వలలో చిక్కుకుని, ఊపిరికి పైకి రాలేక కొట్టుకుంటోంది.

ఆయన చాకుతో దూకి, ముందు దానికి దండం పెట్టారు.

"చచ్చిపోతుందండీ, కోయండి!" అని అరిచాను.

"అడక్కుండా దేవుణ్ణి ముట్టుకుంటామేంటండీ!"

మునిగి ఒక్కో తాడూ కోశారు. తల పైకెత్తినప్పుడు, "మా బావ వలండి, చంపేస్తాడు!" అన్నారు.

చివరి తాడు తెగింది. తాబేలు పైకొచ్చి గట్టిగా ఊపిరి తీసుకుంది.

ఆయనతోపాటు నేనూ రెండు చేతులూ జోడించాను. పడవ వదిలేశానని ఉప్పునీళ్లు మింగాక తెలిసింది.