ఎడమ నుంచి మూడోది

నలుగురూ నన్ను తెలివైనదాన్నని అనుకున్నన్నాళ్లు ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు ఎవరూ అలా అనుకోవడం లేదు కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను. పురానాపూల్‌లో మా చిన్నమ్మ సత్తెమ్మ ఇరవై ఏళ్లు కష్టపడి సంపాదించిన పేరును నేను ఒక ఆదివారం ఉదయం, కుర్చీలోంచి లేవకుండా, ఒక్క మౌసుతో మూసీలో కలపబోయాను.

చిన్నమ్మది పెళ్లి సంబంధాలు కుదిర్చే పని. పాత బస్తీలో మా వాళ్లలో పెళ్లీడు పిల్లలున్న ఇల్లు ఆమెకు తెలియనిది లేదు. నేనేమో డిగ్రీ ముగించి, రెండు నెలల కోర్సు చేసి, కంప్యూటర్‌ను కనిపెట్టింది నేనే అన్నట్టు తిరుగుతున్న రోజులు. ఆమె పుస్తకాలన్నీ టైపు చేసి నాలుగు ఫైళ్లుగా చేశాను. పంచాంగం, అబ్బాయిల బయోడేటాలు, అమ్మాయిల బయోడేటాలు. నాలుగోది నోట్సు.

ఆ నోట్సు గురించి చెప్పాలి. చిన్నమ్మ ఏ ఇంటికి వెళ్లొచ్చినా అక్కడ కళ్లారా చూసింది చూసినట్టు, కొత్తది అన్నిటికంటే పైన ఉండేలా అందులో నాతో రాయించేది. “ఆ ఇంట్ల చాయ్ మంచిగుంటది, మాట మంచిగుండది.” “పోరడు ఇంజనీరే, గని తల్లిని అడగంది నీళ్లు గూడ తాగడు.” దేవుడికి, చిన్నమ్మకు, నాకు తప్ప నాలుగో మనిషికి తెలియకూడని ఫైలు అది.

“గా ఫైళ్లు దొర్కుతలేవే బిడ్డా. ఎతికేటాల్లకు వచ్చినోళ్లు లేసిపోతున్నరు” అంది చిన్నమ్మ ఒకరోజు.

“గంతేనా? కింద టాస్క్‌బార్‌కు పిన్ను కొడ్త సూడు” అన్నాను, ఏదో వంతెన కట్టిస్తానన్నంత ధీమాగా.

తెర అడుగున ఉండే ఆ పట్టీ మీద ప్రోగ్రాములు బుద్ధిగానే కూర్చుంటాయి. విడి ఫైలును కూర్చోబెట్టాలంటే మాత్రం మొరాయిస్తుంది. అందుకని ఒక్కో ఫైలుకూ షార్ట్‌కట్ చేసి, లోపలున్న చిరునామాకు ముందు ‘ఎక్స్‌ప్లోరర్’ అన్న మాట తగిలించి, ఎలాగో నాలుగింటినీ ఎక్కించాను. ఎక్కాయి. కానీ నాలుగింటికీ ఒకే పసుపు ఫోల్డర్ బొమ్మ వచ్చింది. బొమ్మలు మార్చుకునే వీలుందని నాకు తెలుసు. మీరే అడుగుతారు, మరి ఎందుకు మార్చలేదని. బద్ధకం. ఇంకో కారణం వెతక్కండి.

“ఏందే, అన్నీ ఒక్క తీర్గనే ఉన్నయ్?”

“ఎడమ దిక్కు నుంచి లెక్కవెట్టు చిన్నమ్మా. ఒకటి పంచాంగం, రెండు అబ్బాయిలు, మూడు అమ్మాయిలు, నాలుగు నీ నోట్సు.”

చిన్నమ్మ వేలు పెట్టి లెక్కపెట్టుకుని వారంలో ఆరితేరిపోయింది. అంతా బాగానే ఉంది. ఆ ఆదివారం నాకు శుభ్రత పూనింది. పంచాంగం పాతదైపోయిందని ఆ ఒక్క పిన్నూ పీకేశాను. మిగతా మూడూ బస్సులో జనంలా ముందుకు జరిగాయి. ఈ మాట చిన్నమ్మకు చెప్పాలన్న ఆలోచన నాకు రాలేదు.

పది గంటలకు బహదూర్‌పురా నుంచి యాదగిరి, ఆయన భార్య అనసూయమ్మ వచ్చారు. వాళ్లది పాల వ్యాపారం, పదహారు బర్రెలు. కిందటి వారమే చిన్నమ్మ వాళ్లింటికి వెళ్లి కొడుకు మహేశ్‌ను చూసి వచ్చింది. ఇప్పుడు పిల్లను చూపించమని వాళ్లు వచ్చారు. అనసూయమ్మ మనసు గెలిస్తే బహదూర్‌పురా సంబంధాలన్నీ చిన్నమ్మవే. ఆమెకు కోపం వస్తే చిన్నమ్మ దుకాణం ఆ పూటే బందు.

“ఆడపిల్లల బయోడేటాలు సూపెడ్త అక్కా” అంటూ చిన్నమ్మ తెరను వాళ్ల వైపు తిప్పి, ఎడమ నుంచి మూడోది నొక్కింది.

అనసూయమ్మ కళ్లద్దాలు మరచి వచ్చింది. “నువ్వు సదువు” అంది భర్తతో.

చిన్నమ్మ కళ్ల కోసం నేను అక్షరాలు బత్తాయిలంత చేసి పెట్టాను. యాదగిరి హాయిగా, రేడియోలో వార్తలు చదివినట్టు మొదలుపెట్టాడు. “బహదూర్‌పురా పాల యాదగిరి ఇల్లు. పోరడు నెమ్మదస్తుడు. తండ్రి బంగారమసొంటి మనిషి.” ఆయన ముఖం వెలిగింది. “మన గురించే రాసిండ్రు!”

పంచాంగం పోయాక ఎడమ నుంచి మూడోది అమ్మాయిలు కాదు, నోట్సు అని నాకు అప్పుడు వెలిగింది.

“ఇంక?” అంది అనసూయమ్మ.

“తల్లి...” ఆయన ఆగిపోయాడు. “అక్షరాలు సరిగ్గ కనవడ్తలేవు.”

“బంగారమసొంటి తండ్రి కనవడ్డడు, తల్లి కనవడ్తలేదా?”

నేను ఉరికి ఫైలు మూయబోయాను. తొందరలో మూసే గుర్తు పక్కనున్నదాన్ని నొక్కాను. ఫైలు తెరంతా నిండింది.

“ఇగో, పిల్ల పెద్దగ చేసింది. సదువు.”

“తల్లి నోరు పెద్దది” అన్నాడు యాదగిరి, నూతిలోంచి మాట్లాడుతున్నట్టు. “వచ్చే కోడలికి గుండెధైర్యం ఉండాలె.”

నేను ప్లగ్గు పీకేశాను. బల్ల కింద, కరెంటు పోయినా కంప్యూటర్‌ను నడిపించే యూపీఎస్ ఉందన్న సంగతి, దాన్ని తెచ్చి పెట్టింది నేనేనన్న సంగతి మరచిపోయాను. తెర అలాగే వెలుగుతూ ఉంది. యూపీఎస్ మాత్రం కీచు కీచుమని అరవడం మొదలుపెట్టింది.

“ఎవలు రాసిండ్రిది?” అంది అనసూయమ్మ. వీధి చివరిదాకా వినిపించి ఉంటుంది.

నేనే రాశానని చెప్పబోయాను. చిన్నమ్మ నన్ను ఆపింది. “నేనే రాసిన అక్కా. నీ ఇంటికొచ్చే పిల్ల ఏడ్వొద్దని రాసుకున్న. తప్పయితే మాఫ్ చెయ్యి. అబద్ధమైతే చెప్పు, ఇప్పుడే తుడిపిస్త.”

అనసూయమ్మ తెర వైపు వేలు చూపించింది. “అబద్ధమైతే కాదు. గని ‘నోరు’ అని ఎందుకు రాసినవ్? ‘గొంతు పెద్దది’ అని రాయి. పదారు బర్ల నడుమ నిలవడి మెల్లగ మాట్లాడితే ఎవలు ఇంటరు?”

యాదగిరికి ముందు దగ్గు వచ్చింది. తర్వాత అది నవ్వని తేలింది. ఆ నవ్వు భార్యకు అంటుకుంది. నేను గోడకు ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చున్నాను. అంత హాయిగా నేల మీద ఎప్పుడూ కూర్చోలేదు.

“పిల్లల గురించి గూడ గిట్లనే రాసినవా?” అనసూయమ్మ కుర్చీ ముందుకు జరుపుకుంది. “అయితే బయోడేటాలు పక్కకు వెట్టు. ఇదే సూపెట్టు.”

“ఒకరి సంగతి ఇంకొకరికి సూపెట్టనక్కా.”

“ఇప్పటిదాంక ఏం చేసినవ్ మరి?”

“అది నేను కాదు. మా పిల్ల చేసిన కంప్యూటర్ సోకు.”

ఆ నెలలోనే చిన్నమ్మ ఒక పిల్లను చూపించింది. సిటీ బస్సులో కండక్టర్, పేరు స్వప్న. మా ఇంట్లో జరిగిన మొదటి చూపుల్లోనే అత్తాకోడళ్లు వంటింట్లోంచి ఒకరు, వాకిట్లోంచి ఒకరు మాట్లాడుకుంటుంటే మా వీధి మొత్తం విని, సంబంధం కుదిరిందని మాకంటే ముందే చెప్పేసింది. ఇప్పుడు బహదూర్‌పురాలో ఏ ఇంట్లో పెళ్లి మాట వచ్చినా చిన్నమ్మకే ఫోను. “ఉన్నదున్నట్టు రాస్తదట” అన్న పేరు నా చేతకానితనం వల్లే వచ్చిందని ఆమె ఎక్కడా ఒప్పుకోదు.

ఆ ఆదివారం సాయంత్రమే నేను చార్మినార్ వైపు తిరిగి, చేతులు జోడించి ప్రమాణం చేశాను. ఇకమీదట ఈ చేత్తో ఏ ఫైలునూ టాస్క్‌బార్‌కు పిన్ను చేయను. చేసినా బొమ్మ మార్చకుండా వదలను. వదిలినా చిన్నమ్మకు చెప్పకుండా జరపను. జరిపినా, యూపీఎస్ ఉన్న ఇంట్లో మాత్రం ఉండను.