పియానో తెచ్చిన నింద

నా చిన్నప్పుడు నేను అందరికన్నా ఎక్కువగా అసహ్యించుకున్న మనిషి మా మేనత్త పనిచేసే కాలేజీలో ఆఫీసు సూపరింటెండెంటు. అప్పటికి రెండు వేల సంవత్సరం దాటి రెండు మూడేళ్లయి ఉంటుంది. నేను ఐదో తరగతి. అత్త ఖమ్మంలోని ఆ కాలేజీలో సంగీతం చెప్పేది. బడి వదలగానే నేను అక్కడికే వెళ్లేదాన్ని.

సంగీతం గదిలో పాత పియానో ఒకటి ఉండేది. ఆ వానాకాలం దాని మెట్లు కొన్ని మూగబోయాయి. భద్రాచలం అవతలి కోయగూడెం నుంచి వచ్చి హాస్టల్లో ఉంటున్న ఒక అక్క రోజూ దాని మీద సాధన చేసేది. నింద ఆమె మీద పడింది.

"అడవిల నుంచి వచ్చిన పిల్లకు పియానో ఇస్తే గిట్లనే అయితది. బాది బాది ఇరగ్గొట్టింది" అన్నాడు సూపరింటెండెంటు, ఆమె ముందే. మరునాటి నుంచి ఆమెను సంగీతం గదిలోకి రానివ్వొద్దన్నాడు. అక్క చేతులు కొంగులో దాచుకుంది.

ఆ సాయంత్రం అత్త నాకు కాగితం, పెన్ను ఇచ్చి ఒక్కో మెట్టూ నొక్కుతూ రాయమంది. నేను కోపంగా 'పియానో పూర్తిగా చెడిపోయింది' అని రాశాను. అత్త కొట్టేసింది.

"గట్ల రాస్తే ఎవ్వరు నమ్మరు బిడ్డా. ఏ మెట్టు, ఏం చేస్తుంది, గదే రాయి."

ఎనభై ఎనిమిది మెట్లూ నొక్కాం. పలకనివి పదకొండు. రాయడం అయ్యాక చూస్తే, అవన్నీ కుడి చివరనే వరుసగా ఉన్నాయి. ఎందుకో తల ఎత్తి చూశాను. సరిగ్గా వాటి పైనే సీలింగు నల్లగా చెమ్మెక్కి ఉంది. అత్త అదీ రాయమంది.

మరునాడు మధ్యాహ్నం మా బడికి సెలవు. ఇద్దరం ఆఫీసుకు వెళ్లాం. సూపరింటెండెంటు కాగితం చదవకుండానే కింద పడేశాడు.

"ఏంది మేడమ్ ఇది? పిల్లను ఎనకేసుకొస్తున్నరా?"

అత్త వంగి కాగితం తీసి మళ్లీ బల్ల మీద పెట్టింది. "తీసుకున్నట్టు సంతకం పెట్టండ్రి సార్. పెట్టేదాక ఈడనే కూసుంటం."

కూర్చున్నాం. ఆయన మమ్మల్ని దాటుకుంటూ పోయాడు, వచ్చాడు, ఫ్యాను కట్టేశాడు. నాకు చెమటలు పట్టాయి. అత్త కదల్లేదు. చివరికి ప్రిన్సిపాల్ గారు బయటికొచ్చి, ఏమిటని అడిగి, కాగితం చదివి, నేరుగా సంగీతం గదికి నడిచారు. మూత ఎత్తితే కుడివైపు తీగలు తుప్పు పట్టి ఉన్నాయి. లోపలి గుడ్డ ఇంకా తడిగానే ఉంది.

"కప్పు కారుతుంటే ఎవరూ చెప్పలేదేం?"

"నేను మూడుసార్లు చెప్పిన సార్, ఆఫీసుల" అంది అత్త. " నోటితోటి చెప్పిన. గదే నా తప్పు."

అక్క తిరిగి సాధనకు వచ్చింది. క్షమించమని మాత్రం ఆమెను ఎవరూ అడగలేదు. సూపరింటెండెంటు ఆ తర్వాత అత్త ముఖం చూడటమే మానేశాడు. బాగుచేసే మనిషి విజయవాడ నుంచి వచ్చేసరికి ఎండాకాలం వచ్చింది. అప్పటిదాకా అక్క ఆ పదకొండు మెట్లూ వదిలేసి వాయించింది.

ఇప్పుడు నేను ఒక ఆడపిల్లల హాస్టల్లో వార్డెన్ని. నల్లా ఊడిందనో, ఫ్యాను తిరగడం లేదనో చెప్పడానికి పిల్లలు బిక్కుబిక్కుమంటూ వస్తారు. ఎవరు పాడుచేశారని నేను అడగను. కాగితం ఇచ్చి, ఏమైందో రాయమంటాను. వాళ్ల ఎదుటే సంతకం పెట్టి తీసుకుంటాను.