అరవై మీద ముల్లు

ఛత్తీస్‌గఢ్‌లోని కిరండుల్ రైల్వే క్వార్టర్లో, మా ముందుగదిలో టీవీ ఉండాల్సిన చోట గాజు తొట్టి ఉండేది. అందులో మావారి కొండచిలువ. ఆఫ్రికా జాతిది. మూడున్నర అడుగుల పొడవు, భయపడితే బంతిలా చుట్టుకుపోయే రకం. పెళ్లికి రెండేళ్ల ముందు, ఆ క్వార్టర్లో ఒంటరిగా ఉన్న రోజుల్లో, విశాఖలో ఎవరి దగ్గరో కాగితాలతో సహా కొనుక్కుని తెచ్చుకున్నారట. పెళ్లిచూపుల్లో ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు.

మావారు ఇనుపరాయి గూడ్సులు నడిపే డ్రైవరు. డ్యూటీకి వెళితే రెండు మూడు రోజులు ఇంటికి రారు. పాముకి తిండి పెట్టడం ఆయన పని. తేమ చూడడం నా పని. తొట్టి లోపలి గోడకు గుండ్రటి మీటరు ఒకటి అతికించి ఉండేది. దాని ముల్లు యాభైకీ అరవైకీ మధ్య ఉండాలి. తగ్గితే చర్మం ఎండిపోతుంది, మరీ పెరిగితే పొట్ట కింద పుళ్లు పడతాయి. పొద్దునా సాయంత్రం అడుగున పరిచిన కొబ్బరిపొట్టు మీద నీళ్లు చిలకరించి, ముల్లు ఎక్కడుందో చూసి, ఆయనకు ఫోన్లో చెప్పాలి. నాలుగేళ్లు ఇదే. జగదల్‌పూర్‌లో సినిమాకి వెళ్లినా సాయంత్రానికి ఇంట్లో ఉండాలి. పుట్టింటికి వెళ్లాలంటే ఆయనకు సెలవు దొరకాలి. పామును మాత్రం నేనెప్పుడూ ముట్టుకోలేదు. భయమే కారణమని ఆయన అనుకునేవారు. కోపం కూడా ఉండేది.

నాలుగో ఏడు మే నెలలో బొబ్బిలిలో మా చెల్లికి తొలికాన్పు. పక్కనుంటానని మాటిచ్చాను. టికెట్టు తీసుకున్నాను, పెట్టె సర్దాను. నేను బయలుదేరే ముందురోజు ఆయన ఇంటికి చేరాలి. ఆ రోజే మావోయిస్టులు బంద్ అన్నారు. ఆయన బండిని జగదల్‌పూర్‌లో ఆపేశారు, పాసింజరు రద్దయింది. రోడ్డుకి అడ్డంగా చెట్లు కొట్టి పడేయడంతో బస్సులూ లేవు. సాయంత్రానికి కరెంటు కూడా పోయింది.

కరెంటుతోపాటే కూలరు ఆగింది. ఎండాకాలంలో ఆ గదిలో కాస్త చెమ్మ ఉండేదంటే దానివల్లే. కిటికీలు తీస్తే ఎర్రధూళి, మూస్తే ఉడుకు. మర్నాటికి ముల్లు ముప్పై అయిదుకి దిగింది. సరిగ్గా అప్పుడే పాము కళ్లు పాలు పోసినట్టు తెల్లబడ్డాయి. కుబుసం విడిచే ముందు అలా అవుతుందని నాకు తెలుసు. ఫోన్ చేశాను.

"కళ్లు తెల్లబడ్డాయేటి? అయితే డెబ్బై దాకా ఉండాలి. పైన జాలీ మూత మీద తడిగుడ్డ కప్పు. గంటకోసారి తడుపు," అన్నారాయన.

"మరి నా పయనమేటి?"

"బళ్లు నడవనియ్యి, చూద్దాం," అన్నారు.

రెండు రోజులు తడిగుడ్డలు మార్చాను. బిందెల్లో నీళ్లు సగానికొచ్చాయి. మోటారు ఆడడం లేదు కాబట్టి నేను స్నానం మానేసి ఆ నీళ్లు తొట్టికే వాడాను. ముల్లు యాభై దాటలేదు. మూడోరోజు పొద్దున చూస్తే కుబుసం తల దగ్గర చిరిగి, మెడ కింద ఉంగరంలా బిగుసుకుని ఆగిపోయింది. మిగతా ఒంటి మీద ఎండిన ఉల్లిపొరలా అతుక్కుని ఉంది. పాము తలను గాజుకేసి రాస్తోంది. గాజు నున్నగా జారిపోతోంది.

అప్పుడే పక్క క్వార్టరు ఆవిడ తలుపు కొట్టింది. కొంటా ఊరి వైపు మనిషి, ఆసుపత్రిలో ఆయా.

"ఏందక్కా, ఇంకా తయారు గాలే? జగదల్‌పూర్ దాంక ఆసుపత్రి జీపు అడ్డదారిల పోతాంది. నీకు జాగా ఉంచమని జెప్పిన."

పెట్టె తలుపు పక్కనే ఉంది. చెప్పులు కూడా వేసుకున్నాను. జగదల్‌పూర్ చేరితే ఒడిశా బస్సులు పట్టుకుని మర్నాటికి బొబ్బిలిలో ఉండొచ్చు. వెనక్కి తిరిగి చూశాను. పాము ఇంకా గాజుకి తల రాస్తూనే ఉంది. ఆ మెడ కింది పొర ఇంకా బిగుసుకుంటే ఏమవుతుందో నాకు తెలియదు. తెలియకుండా తాళం వేసి వెళ్లలేకపోయాను.

"నేను రాలేను," అన్నాను.

ఆవిడ లోపలికొచ్చి తొట్టి ముందు కూర్చుంది. "మా దిక్కు పాములు రాయికి రాసుకొని కుబుసం ఇడుస్తయి. దీనికి ఒక్క రాయన్న పెట్టలేదేందక్కా?"

నాలుగేళ్లలో ఆ మాట మాకెవరికీ తట్టలేదు. ఆవిడ క్వార్టర్ల వెనక వాగులోంచి గరుకురాయి ఒకటి, నాచు గుప్పెడు తెచ్చింది. మూతకు చిల్లులున్న పెద్ద డబ్బాలో తడి తువ్వాలు పరిచి, నాచూ రాయీ పెట్టాం. పామును అందులోకి మార్చాలి. ఆవిడ చేతులు కట్టుకుని నా వైపు చూసింది. "నీ ఇంటి పాము, నువ్వే లేపాలె."

రెండు చేతులూ కింద పెట్టి ఎత్తాను. చల్లగా ఉంటుందనుకున్నాను, లేదు. బరువుగా, కాగితంలా గరగరలాడుతూ ఉంది. నా మణికట్టుకు ఒక చుట్టు చుట్టింది. ఎందుకో అప్పుడు ఏడుపొచ్చింది. ఆవిడ డబ్బా పట్టుకుంది. బయట జీపు హారను రెండుసార్లు మోగి, వెళ్లిపోయింది.

మధ్యాహ్నానికి మెడ దగ్గరి పొర మెత్తబడి ఊడింది. సాయంత్రానికి మిగతాది ముక్కలు ముక్కలుగా వచ్చింది. కంటిపొర ఒకటి మిగిలిపోయింది, గోరు పెట్టొద్దని ఆయన ఫోన్లో మరీమరీ చెప్పారు. అది మర్నాడు దానంతటదే రాలింది. అదే రోజు చెల్లికి ఆడపిల్ల పుట్టిందని అమ్మ ఫోన్ చేసింది.

ఆయన ఆరోరోజుకి వచ్చారు. తొట్టిని కాసేపు చూసి, "బాగా చేశావు," అన్నారు.

"నేనెళ్తున్నాను," అన్నాను. "ఎప్పుడొత్తానో అడక్కండి. ఇకమీద నేను ఊరెళ్లాలంటే మీ సెలవు కోసం చూడను. పక్కావిడికి అన్నీ నేర్పించాను."

ఆయన తల ఊపారు. స్టేషనుకి పెట్టె మోసుకొచ్చారు.

బొబ్బిలిలో చెల్లి మంచం మీద అటు తిరిగి పడుకుని ఉంది. పిల్లను చూస్తానంటే ఇవ్వలేదు.

"నాకన్న ఆ పామే ఎక్కువైపోయిందేటే నీకు?"

"ఎక్కువ కాదే. దాన్నలాగొదిలేసి తాళమెయ్యలేకపోయాను."

"నేను నొప్పులు పడతన్నప్పుడు నీ కోసమే చూశాను. తెలుసా?"

అమ్మ చేటలో బియ్యం ఏరుతూ తలెత్తలేదు. నాలుగు రోజులు చెల్లి నాతో మాట్లాడలేదు. ఐదోరోజు పొద్దున, అమ్మకి నడుం పట్టేసి లేవలేకపోతే, నా మొహం చూడకుండానే పిల్లను నా ఒళ్లో పెట్టి, "నీళ్లు మరీ యేడిగా పొయ్యకు," అంది. పీట మీద కూర్చుని కాళ్లు చాపి, పిల్లను బోర్లా వేసుకున్నాను.